మోడెములు కలుస్తున్నాయి, లాగిన్ మాత్రం 691 దగ్గర ఆగిపోతోంది: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

పాత కంప్యూటర్లతో ఒక డయల్-అప్ నెట్‌వర్క్‌ను తిరిగి నడిపించే ప్రయత్నంలో ఉన్నాను. ఫోను ఎత్తే వైపు ఒక పాత లినక్స్ యంత్రం ఉంది. దానికి సీరియల్ పోర్టు ద్వారా తగిలించిన ఎక్స్‌టర్నల్ మోడెమ్, ఆ మోడెమ్‌ను కనిపెట్టుకుని ఉండే ఎమ్‌గెట్టీ, లైను కలిశాక పీపీపీ (ఫోను లైను మీద నెట్‌వర్క్ ప్యాకెట్లు పంపే పద్ధతి) సంగతి చూసుకునే పీపీపీడీ ఉన్నాయి. ఈ యంత్రాన్ని ఇంతకుముందు వేరొకరు వాడారు, కాబట్టి సెట్టింగులు చాలావరకు వారు పెట్టి వదిలినవే. ఫోను చేసే వైపు విండోస్ 98 ఉన్న కంప్యూటర్ ఒకటి, విండోస్ 2000 ఉన్నది మరొకటి ఉన్నాయి.

విండోస్ 98లో హైపర్‌టెర్మినల్ అనే టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి నంబరు డయల్ చేస్తే మోడెములు కలుస్తాయి, లాగిన్ పేరు అడుగుతుంది, పాస్‌వర్డ్ ఇస్తే షెల్ (కమాండ్లు టైపు చేసే చోటు) వస్తుంది. ఇందులో ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. అదే కంప్యూటర్ నుంచి, అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో డయల్-అప్ నెట్‌వర్కింగ్ ద్వారా వెళితే మాత్రం, పేరు, పాస్‌వర్డ్ సరిచూస్తున్నట్టు తెర మీద కనిపించిన కొద్ది క్షణాలకే ఎర్రర్ 691 వచ్చి లైను తెగిపోతోంది. పేరు గానీ పాస్‌వర్డ్ గానీ చెల్లదని దాని సారాంశం. పాస్‌వర్డ్‌ను సర్వర్‌లో మార్చి చూశాను, ఖాతాను తీసేసి మళ్లీ సృష్టించి చూశాను, విండోస్‌లో కనెక్షన్ ఐకాన్‌ను కొత్తగా తయారు చేశాను. ఫలితం మారలేదు.

విండోస్ 2000 యంత్రం సంగతి ఇంకో రకం. అది మామూలు ఫోను లైను మీద కాక, ఇంటర్నెట్ ద్వారా పనిచేసే ఫోన్ అడాప్టర్ మీద ఉంది. అక్కడ ఒక్కోసారి 691 వస్తుంది, ఎక్కువసార్లు చాలాసేపు ఎదురుచూసి ఎర్రర్ 718 వస్తుంది. ఈ రెండు యంత్రాలదీ ఒకే జబ్బా, వేర్వేరా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (గతంలో డయల్-అప్ సర్వర్లు నిర్వహించినవారు)

వేర్వేరనే నా అంచనా. ముందుగా విండోస్ 98 సంగతి చూద్దాం.

టెర్మినల్‌లో లాగిన్ కుదురుతోందంటే ఫోను లైను, మోడెములు, సీరియల్ కేబులు, సర్వర్‌లోని ఖాతా ఇవన్నీ బాగున్నట్టే. అయితే టెర్మినల్‌లో చెల్లిన పాస్‌వర్డ్ పీపీపీలో కూడా చెల్లి తీరాలని అనుకోవడానికి వీల్లేదు. టెర్మినల్‌లో మీరు టైపు చేసిన పేరు, పాస్‌వర్డ్ లాగిన్ ప్రోగ్రాము చేతికి వెళతాయి. అది సర్వర్ వారి ఖాతాల ఫైలులో చూసి అవుననో కాదనో చెబుతుంది. డయల్-అప్ నెట్‌వర్కింగ్ ఆ ప్రాంప్టు కోసం ఆగదు. లైను కలవగానే నేరుగా పీపీపీ ప్యాకెట్లు పంపడం మొదలుపెడుతుంది, ఎమ్‌గెట్టీ ఆ ప్యాకెట్లను గుర్తుపట్టి పీపీపీడీని పిలుస్తుంది. ఇక అక్కడి నుంచి పాస్‌వర్డ్ సరిచూసేది పీపీపీడీ. దానికి సొంత ఫైళ్లున్నాయి, సొంత నియమాలున్నాయి. మీరు ఖాతాను తీసి మళ్లీ పెట్టినా ఫలితం మారకపోవడానికి ఇదే కారణమై ఉండవచ్చు: పీపీపీడీ ఆ ఖాతా వైపే చూడటం లేదేమో.

ఎర్రర్ సంఖ్యను పేరుపెట్టి తిట్టుకునే ముందు, అది ఏ దశలో వచ్చిందో గమనించడం అవసరం. పీపీపీ 1994 జులైలో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 1661గా వెలువడిన రూపంలో మూడు మెట్లుగా నడుస్తుంది. మొదట ఎల్‌సీపీ అనే బేరం: ఎంత పెద్ద ప్యాకెట్లు, ఏ అక్షరాలను మార్చి పంపాలి, పాస్‌వర్డ్ ఏ పద్ధతిలో చూపాలి అన్నవి ఇరువైపులా ఒప్పుకోవాలి. రెండోది ఆ ఒప్పుకున్న పద్ధతిలో పాస్‌వర్డ్ తనిఖీ. మూడోది ఐపీసీపీ, అంటే ఐపీ అడ్రసు ఇచ్చిపుచ్చుకోవడం. 676 (లైను బిజీ), 678 (అవతల ఎవరూ ఎత్తలేదు), 680 (డయల్ టోన్ లేదు) అన్నవి వీటన్నిటికీ ముందే వచ్చేవి, లాగిన్‌తో వాటికి సంబంధం లేదు. 650, 721 వస్తే మొదటి మెట్టు మీదనే అవతలి నుంచి అర్థమయ్యే జవాబు రాలేదని అనుమానించాలి. 720 వస్తే మూడో మెట్టు మీద ఇరువైపులకూ ఉమ్మడి ప్రోటోకాల్ కుదరలేదని అర్థం. విండోస్ ఎన్‌టీ తరహా సర్వర్లు ఇంకా వివరంగా చెబుతాయి: 646 అంటే ఈ వేళలో లాగిన్‌కు అనుమతి లేదు, 647 అంటే ఖాతాను నిలిపివేశారు, 648 అంటే పాస్‌వర్డ్ గడువు తీరింది, 649 అంటే ఖాతాకు డయల్-ఇన్ అనుమతి ఇవ్వలేదు.

మీకు వచ్చిన 691 రెండో మెట్టుది. అవతలి వైపు మీ జవాబును చక్కగా అందుకుని, చదివి, కాదన్నది. అంటే ఎల్‌సీపీ పూర్తయింది, లైను మీద అక్షరాలు చెడటం లేదు. వెతకవలసిన చోటు బాగా తగ్గింది.

ఇప్పుడు ఊహలు మాని లాగ్ చూడాలి. విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్‌కు వెళ్లి, డయల్-అప్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే భాగంలో లాగ్ ఫైలు రాయమన్న అంశాన్ని ‘ఎస్’ చేయండి. విండోస్ ఫోల్డరులో పీపీపీలాగ్ అనే టెక్స్ట్ ఫైలు తయారవుతుంది. సర్వర్ వైపు పీపీపీడీకి డీబగ్ అనే ఆప్షన్ ఇచ్చి, సిస్టమ్ లాగ్‌లో డీబగ్ స్థాయి సందేశాలు నమోదయ్యేట్టు చూసుకోండి. రెండు వైపులా ఒకే కాల్‌కు సంబంధించిన లాగ్ తీసి ఇక్కడ పెట్టండి. పీపీపీడీ పాత వెర్షన్లు కొన్ని పాస్‌వర్డ్‌ను కూడా లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు రాసేస్తాయి, పెట్టే ముందు ఆ వరుస చెరిపేయండి.

జవాబు 2

పై వివరణతో ఏకీభవిస్తూనే రెండు చిన్న విషయాలు. విండోస్ 98లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు విండోస్ ఫోల్డరులోని పీడబ్ల్యూఎల్ ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు చెడిపోతే మీరు ఇచ్చినదొకటి, పంపబడేది ఒకటి అయ్యే అవకాశం ఉంది. ఆ ఫైలు పేరు మార్చి మళ్లీ ప్రయత్నించడంలో నష్టం లేదు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు మళ్లీ ఇచ్చుకోవలసి వస్తుందంతే. అయితే ప్రతిసారీ పాస్‌వర్డ్‌ను చేత్తో టైపు చేస్తున్నవారికి దీనితో పని లేదు.

రెండోది క్యాప్స్ లాక్. యూనిక్స్ సర్వర్లలో ఇది చిత్రమైన రూపంలో బయటపడుతుంది. లాగిన్ పేరును మొత్తం పెద్దబడి అక్షరాల్లో కొడితే, చిన్నబడి అక్షరాలు లేని పాత టెలిటైపు ఏదో కలిసిందని గెట్టీ (లాగిన్ పేరు అడిగే ప్రోగ్రాము) భావించి, ఆపైన మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చిన్నబడిలోకి మార్చేస్తుంది, తాను చూపే అక్షరాలను పెద్దబడిలోకి మారుస్తుంది. పాస్‌వర్డ్‌లో ఒక్క పెద్దబడి అక్షరం ఉన్నా ఇక లాగిన్ కాదు. పాస్‌వర్డ్ అడిగే వరుస మొత్తం పెద్దబడిలో కనిపిస్తే లైను తెంపి మళ్లీ డయల్ చేయడం ఒక్కటే మార్గం. మీ విషయంలో టెర్మినల్ లాగిన్ బాగానే ఉంది కనుక ఇది కారణం కాకపోవచ్చు, ఇదే ఎర్రర్‌తో వచ్చే ఇతరులకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పాస్‌వర్డ్‌ను ప్రతిసారీ చేత్తోనే కొడుతున్నాను. అయినా పీడబ్ల్యూఎల్ ఫైలు పక్కన పెట్టి చూశాను, తేడా లేదు. సర్వర్ లాగ్‌లో జరిగిన క్రమం ఇలా ఉంది. సర్వర్ తన ఎల్‌సీపీ అభ్యర్థనలో పాస్‌వర్డ్ పద్ధతిగా చాప్, ఎమ్‌డీ5 అని అడిగింది. విండోస్ 98 దానికి ఒప్పుకుంది. సర్వర్ ఒక చాప్ ఛాలెంజ్ పంపింది, విండోస్ నుంచి రెస్పాన్స్ వచ్చింది. వెంటనే ఈ పేరును సరిచూడటానికి చాప్ రహస్యం ఏదీ దొరకలేదన్న అర్థంతో ఒక వరుస, ఆపైన చాప్ ఫెయిల్యూర్, ఆపైన లైను ముగింపు. విండోస్ వైపు లాగ్‌లో కూడా ఇదే క్రమం ఉంది. పీపీపీడీకి ఇచ్చిన ఆప్షన్లలో ఆథ్ అని మాత్రమే ఉంది, చాప్ అని గానీ పాప్ అని గానీ ఎక్కడా లేదు. మరి చాప్ ఎక్కడి నుంచి వచ్చింది? పైగా ఆ పేరుతో ఖాతా ఉండగా రహస్యం దొరకలేదని ఎందుకంటోంది?

జవాబు 3 (యూనిక్స్ నిర్వాహకులు)

మీ లాగ్‌లోని ఆ ఒక్క వరుసతో 691 విషయం తేలిపోయింది. మీ రెండు ప్రశ్నలకూ సమాధానం పాప్, చాప్ పనిచేసే తీరులోనే ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

పాప్ చాలా సరళమైనది. 1992 నాటి ఆర్ఎఫ్‌సీ 1334లో వర్ణించిన ఈ పద్ధతిలో కాల్ చేసిన కంప్యూటర్ పేరును, పాస్‌వర్డ్‌ను ఏ మరుగూ లేకుండా ఒకే ప్యాకెట్‌లో పంపుతుంది. సర్వర్ దాన్ని తనకు ఇష్టమైన పద్ధతిలో సరిచూసుకోవచ్చు. చాప్ అలా కాదు. 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1994 ప్రకారం (ఈ సంఖ్యను సంవత్సరంగా పొరబడేవారు ఎక్కువ) సర్వర్ ప్రతిసారీ కొత్తదైన ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. కాల్ చేసిన కంప్యూటర్ ఆ ఛాలెంజ్ క్రమసంఖ్యను, పాస్‌వర్డ్‌ను, ఆ యాదృచ్ఛిక సంఖ్యను వరుసగా చేర్చి ఎమ్‌డీ5 లెక్క కట్టి, వచ్చిన 16 బైట్ల ఫలితాన్ని మాత్రమే తిరిగి పంపుతుంది. సర్వర్ కూడా అదే లెక్క కట్టి రెండూ సరిపోయాయో లేదో చూస్తుంది. పాస్‌వర్డ్ లైను మీద ఎప్పుడూ ప్రయాణించదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. అదే లెక్క తానూ కట్టాలంటే సర్వర్ దగ్గర అసలు పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. యూనిక్స్ ఖాతాల ఫైలులో పాస్‌వర్డ్ ఉండదు, దాని నుంచి లెక్క కట్టిన హ్యాష్ ఉంటుంది. హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కు రాబట్టలేము కాబట్టి మామూలు చాప్‌కు ఆ ఫైలు దేనికీ పనికిరాదు. అందుకే పీపీపీడీ చాప్ కోసం చాప్-సీక్రెట్స్ అనే తన సొంత ఫైలునే చూస్తుంది, అందులో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లో రాసి ఉంటాయి. మీ ఖాతా పేరు అందులో లేదు, కనుక రహస్యం దొరకలేదంది. లైను మీద దాచాలనుకుంటే సర్వర్‌లో దాచలేము, సర్వర్‌లో దాచాలనుకుంటే లైను మీద దాచలేము. డయల్-అప్ రోజుల్లో ప్రతి నిర్వాహకుడూ ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చేది.

ఇక చాప్ ఎక్కడి నుంచి వచ్చిందంటే: ఆథ్ అని మాత్రమే ఇచ్చి పద్ధతి చెప్పకపోతే, పీపీపీడీ తన ఫైళ్లు చూసుకుని ఏది సాధ్యమో నిర్ణయించుకుంటుంది. చాప్-సీక్రెట్స్‌లో ఎవరి పేరుతోనైనా పనికివచ్చే వరుస ఒక్కటుంటే చాలు, కాల్ చేసింది ఎవరో ఇంకా తెలియని ఆ దశలో చాప్‌నే ముందుగా ప్రతిపాదిస్తుంది. ఆ ఫైలు తెరిచి చూడండి, పాత యజమాని వాడిన ఖాతా వరుస ఏదో మిగిలిపోయి ఉంటుందని నా నమ్మకం.

మీ ముందు రెండు దారులున్నాయి. చాప్ కావాలనుకుంటే మీ ఖాతా పేరును, పాస్‌వర్డ్‌ను చాప్-సీక్రెట్స్‌లో రాసి, ఆ ఫైలును రూట్ (నిర్వాహక ఖాతా) తప్ప ఇంకెవరూ చదవలేకుండా చేయండి. యూనిక్స్ ఖాతా పాస్‌వర్డ్‌తోనే నడవాలనుకుంటే పాప్‌కు మారండి. మీ సొంత లైను మీద, మీకు మీరే డయల్ చేసుకునే ఈ అమరికకు నేనైతే పాప్‌నే ఎంచుకుంటాను. ఫోను లైను మీద చెవి వేసి మోడెమ్ సంకేతాలను విడదీసే వారికన్నా, పాస్‌వర్డ్‌లు బాహాటంగా ఉన్న ఫైలును బ్యాకప్‌లో మరచిపోవడమే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం.

పాప్ కోసం ఎమ్‌గెట్టీ లాగిన్ కాన్ఫిగ్ ఫైలులో ఆటోపీపీపీ అని ఉన్న వరుసలో పీపీపీడీకి రిక్వైర్-పాప్, లాగిన్ అనే రెండు ఆప్షన్లు చేర్చండి. పాత వెర్షన్ అయితే రిక్వైర్-పాప్ బదులు పాప్ అనే మాటకు ముందు కూడిక గుర్తు పెట్టాలి. ఇక్కడ చాలామంది రెఫ్యూజ్-చాప్ అనే ఆప్షన్ చేర్చి, ఇంకా చాప్ ఎందుకు అడుగుతోందని ఆశ్చర్యపోతుంటారు. ఆ ఆప్షన్ అవతలి వారిని అడగడానికి సంబంధించినది కాదు. మన యంత్రాన్ని ఎవరైనా చాప్ ద్వారా నిరూపించుకొమ్మంటే నిరాకరించమని దాని అర్థం.

లాగిన్ ఆప్షన్ ఇచ్చినంత మాత్రాన పాప్-సీక్రెట్స్ ఫైలుతో పని తీరిపోదు. అందులో కూడా ఆ పేరుకు సరిపోయే వరుస ఉండి తీరాలి. ఒక్కో వరుసలో నాలుగు అంశాలుంటాయి: కాల్ చేసేవారి పేరు, సర్వర్ పేరు, పాస్‌వర్డ్, వాడుకోదగిన ఐపీ అడ్రసులు. యూనిక్స్ ఖాతాలున్న అందరికీ వర్తించే వరుస ఇలా ఉంటుంది:

* * "" *

మూడో అంశంలోని ఖాళీ కొటేషన్లకు, ఇక్కడ ఏ పాస్‌వర్డ్ అయినా సరే అని అర్థం. అసలు తనిఖీ లాగిన్ ఆప్షన్ వల్ల యూనిక్స్ ఖాతాల దగ్గర జరుగుతుంది. కనుక ఈ వరుసను ఉంచి లాగిన్ ఆప్షన్ తీసేస్తే మీ సర్వర్ ఏ పాస్‌వర్డ్‌నైనా స్వీకరిస్తుంది. దయచేసి ఆ రెండింటినీ ఎప్పుడూ కలిపే ఉంచండి. నాలుగో అంశాన్ని మరచిపోతే ఇంకో తమాషా జరుగుతుంది. వరుసలో మూడు అంశాలే ఉంటే ఆ పేరుకు ఏ ఐపీ అడ్రసూ అనుమతించలేదని పీపీపీడీ అర్థం చేసుకుంటుంది. పాస్‌వర్డ్ చెల్లుతుంది, వెంటనే ఐపీసీపీ దగ్గర లైను తెగుతుంది, చూసేవారికి అదీ లాగిన్ లోపంలాగే కనిపిస్తుంది. పాస్‌వర్డ్‌ను ఆ ఫైలులోనే రాసేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: అందులో హ్యాష్ గుర్తు (#) గానీ ఖాళీ జాగా గానీ ఉంటే కొటేషన్లలో పెట్టాలి. లేకపోతే హ్యాష్ గుర్తు తరువాతది వ్యాఖ్యగా పోతుంది.

ఆఖరుగా, విండోస్ 98లో కనెక్షన్ ప్రాపర్టీస్‌లోని సర్వర్ టైప్స్ భాగంలో ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్ తప్పనిసరి అన్న చోట టిక్ ఉంటే తీసేయండి. అది ఉండగా విండోస్ పాప్‌కు ఒప్పుకోదు. పక్కనే ఉన్న లాగ్ ఆన్ టు నెట్‌వర్క్ టిక్ కూడా మీకు అక్కర్లేదు. పీపీపీ లాగిన్‌కు దానితో సంబంధం లేదు, లైను కలిశాక విండోస్ డొమైన్ కోసం వెతుక్కుంటూ కాలయాపన చేయడమే దాని పని. విండోస్ 2000లో సెక్యూరిటీ భాగంలో భద్రత లేని పాస్‌వర్డ్‌ను అనుమతించే అంశాన్ని ఎంచుకోవాలి, డొమైన్ గడి ఉంటే ఖాళీగా వదలాలి. అక్కడ ఏదైనా రాస్తే పేరుకు ముందు ఆ డొమైన్ పేరు అతుక్కుని వెళ్లి, సర్వర్ దాన్ని వేరే మనిషి పేరుగా చూస్తుంది.

జవాబు 4

ఇదే ఎర్రర్ పెద్ద అమరికల్లో వచ్చినప్పుడు వెతకవలసిన చోటు వేరుగా ఉంటుంది కనుక ఆ సంగతి కూడా నమోదు చేస్తున్నాను. అడిగినవారికి ఇది వర్తించదు. మోడెములున్న యాక్సెస్ సర్వర్ ఒకచోట, ఖాతాలుండి లాగిన్లను సరిచూసే రేడియస్ సర్వర్ మరోచోట ఉంటే, వాటి మధ్య కుదరని విషయాలు కూడా వాడుకరికి లాగిన్ లోపంగానే కనిపిస్తాయి.

రేడియస్ పాత పరికరాలు యూడీపీ 1645 పోర్టును వాడేవి. తరువాత అధికారికంగా కేటాయించినది 1812. ఒకటి 1645కు పంపుతూ రెండోది 1812లో వింటూ ఉంటే ఎవరి లాగిన్ కూడా జరగదు, రేడియస్ లాగ్‌లో ఒక్క వరుస కూడా పడదు. లాగ్ ఖాళీగా ఉంటే పాస్‌వర్డ్‌ల జోలికి పోకుండా ముందు పోర్టులు చూడాలి.

రెండింటి మధ్య ఉండే ఉమ్మడి రహస్యం ఒక్క అక్షరం తేడాగా ఉంటే జరిగేది ఇంకా తికమకగా ఉంటుంది. పాప్ ద్వారా వచ్చిన పాస్‌వర్డ్‌ను ఆ రహస్యంతో మరుగుపరచి పంపుతారు కాబట్టి రేడియస్ సర్వర్ దాన్ని విప్పినప్పుడు అర్థంలేని గుర్తులు వస్తాయి, తిరస్కరిస్తుంది. చాప్ జవాబుకు ఆ మరుగు లేదు కాబట్టి రేడియస్ సర్వర్ దాన్ని సరైనదిగానే గుర్తించి అనుమతిస్తుంది. కానీ ఆ అనుమతి మీద ఉండే ముద్రను ఉమ్మడి రహస్యంతోనే కడతారు కనుక యాక్సెస్ సర్వర్ దాన్ని నమ్మక పారేస్తుంది. లాగ్‌లో అనుమతించినట్టు ఉంటుంది, వాడుకరి బయటే ఉంటాడు. లాగ్‌లో పాస్‌వర్డ్ చోట చెత్త గుర్తులు కనిపించినా, అనుమతి ఇచ్చాక కూడా అదే అభ్యర్థన పదేపదే వస్తున్నా ఉమ్మడి రహస్యాన్ని రెండు వైపులా తిరిగి టైపు చేయడమే మందు.

ఒక ఖాతాకు ఒకేసారి ఒక్క లాగిన్ అన్న నియమం ఉన్నచోట మరో ఇబ్బంది ఉంది. లైను తెగినప్పుడు యాక్సెస్ సర్వర్ పంపవలసిన ముగింపు సమాచారం దారిలో పోతే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్కల్లో మిగిలిపోతాడు, మళ్లీ వస్తే తిరస్కారం ఎదురవుతుంది. లైను తెగిన వెంటనే డయల్ చేస్తే 691, కొంతసేపటి తరువాత అదే పాస్‌వర్డ్ చెల్లడం జరుగుతుంటే అనుమానించవలసింది దీన్నే.

జవాబు 1 వారు మళ్లీ

విండోస్ 2000 యంత్రానికి వస్తున్న 718 సంగతి మిగిలింది. జవాబు కోసం ఎదురుచూసి గడువు తీరిందని ఆ ఎర్రర్‌కు అర్థం. ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్ మీద ఇది సహజం.

టెర్మినల్‌లో బాగానే ఉంటుంది కదా, పీపీపీ ఎందుకు ఆగాలి అన్న సందేహం రావచ్చు. టెర్మినల్‌లో ఒక అక్షరం చెడితే తెర మీద ఒక పిచ్చి గుర్తు కనిపిస్తుంది, మనం పట్టించుకోము. పీపీపీలో ప్రతి ప్యాకెట్ చివర సరిచూసే మొత్తం ఒకటి ఉంటుంది, ఒక్క బిట్ చెడినా ప్యాకెట్ మొత్తాన్ని చప్పుడు చేయకుండా పారేస్తారు. ప్రమాణం సూచించిన ప్రకారం ఎల్‌సీపీ అభ్యర్థనను 3 సెకండ్లకొకసారి చొప్పున 10 సార్లు పంపి, అంటే సుమారు అర నిమిషం చూసి, విరమించుకోవడం మామూలు. మీ సర్వర్ లాగ్‌లో ఒకే క్రమసంఖ్యతో ఎల్‌సీపీ అభ్యర్థన మళ్లీ మళ్లీ కనిపిస్తూ, అవతలి నుంచి ఏమీ రాకపోతే ఇదే జరుగుతున్నట్టు.

ముందుగా అడాప్టర్‌లో జీ.711 కోడెక్ (ధ్వనిని డిజిటల్‌గా మార్చే పద్ధతి) మాత్రమే ఉంచి, జీ.729 వంటి కుదించే కోడెక్‌లను తీసేయండి. అవి మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుని చేసినవి, మోడెమ్ స్వరాలు వాటిలోంచి ప్రాణాలతో బయటపడవు. నిశ్శబ్దాన్ని పంపకుండా ఆదా చేసే సదుపాయాన్నీ, ఎకో క్యాన్సిలేషన్‌నూ ఆపండి. ప్యాకెట్ల రాకలోని ఆలస్యాల తేడాను సర్దే జిట్టర్ బఫర్‌ను తనంతట తాను మారేదిగా కాక స్థిరమైన పరిమాణంలో పెట్టండి. ఆపైన మోడెమ్‌ను దాని గరిష్ఠ వేగానికి వదలకుండా 14,400కు గానీ 9,600కు గానీ పరిమితం చేయండి. ఆ కమాండ్ మోడెమ్ తయారీని బట్టి మారుతుంది కనుక మీ మోడెమ్ మాన్యువల్ చూడాలి. 33,600 దగ్గర కలిసి తెగిపోతూ ఉండే లైను కన్నా 9,600 దగ్గర నిలకడగా ఉండే లైను మీద లాగిన్ త్వరగా అవుతుంది.

లైను బాగున్నా ఇదే లక్షణం చూపించే సెట్టింగులు రెండున్నాయి, వాటినీ ఒకసారి చూడండి. పీపీపీకి ఎనిమిది బిట్ల దారి కావాలి. సీరియల్ పోర్టు ఎక్కడైనా ఏడు బిట్లు, ఈవెన్ పారిటీతో ఉంటే మామూలు అక్షరాలు దాటిపోతాయి, పీపీపీ ప్యాకెట్లు దాటవు. అప్పుడు లైను ఎనిమిది బిట్లకు అనువుగా లేదని పీపీపీడీ తన లాగ్‌లో స్పష్టంగానే రాస్తుంది. రెండోది ఫ్లో కంట్రోల్, అంటే కాసేపు ఆగు, మళ్లీ పంపు అని చెప్పుకునే ఏర్పాటు. దాన్ని ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్ పద్ధతిలో ఉంచితే ప్యాకెట్‌లోని ఆ రెండు అక్షరాలను దారిలోని పరికరమే మింగేస్తుంది. రెండు వైపులా హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టడం మంచిది.

అడిగినవారు

చాప్-సీక్రెట్స్‌లో ఎవరిదో ఒక పాత ఖాతా వరుస నిజంగానే ఉంది. దాన్ని తీసేసి, రిక్వైర్-పాప్, లాగిన్ ఆప్షన్లు చేర్చి, పాప్-సీక్రెట్స్‌లో మీరు చెప్పిన వరుస రాశాక విండోస్ 98 మొదటి కాల్‌కే లోపలికి వెళ్లింది. విండోస్ 2000కు జీ.711 మాత్రమే ఉంచి, ఎకో క్యాన్సిలేషన్ ఆపి, వేగాన్ని 14,400కు తగ్గించాక 718 ఆగింది. దానికి అప్పుడప్పుడు వచ్చిన 691 కూడా ఇప్పుడు లేదు. లైను ఎల్‌సీపీ దాటనిచ్చిన సందర్భాల్లో చాప్ దగ్గర ఆగేదన్నమాట.

ఇప్పుడు ఇంకొకటి గమనించాను. టెర్మినల్ ద్వారా వెళ్లి, లాగౌట్ చేయకుండా ఫోను పెట్టేసి, మళ్లీ డయల్ చేస్తే పేరు, పాస్‌వర్డ్ అడగకుండానే నేరుగా ఇందాకటి షెల్ వస్తోంది. ఇది ఎమ్‌గెట్టీ పనేనా?

జవాబు 3 వారు మళ్లీ

ఎమ్‌గెట్టీది కాదు, మోడెమ్‌ది. దీన్ని వెంటనే సరిచేయండి, మీ తరువాత డయల్ చేసిన ఎవరికైనా మీ షెల్ అలాగే దొరుకుతుంది.

మోడెమ్‌లో ఏటీ&సీ0 అని ఉంటే అవతలి వారు ఉన్నా లేకున్నా క్యారియర్ (అవతలి మోడెమ్ సంకేతం) ఉన్నట్టే సీరియల్ పోర్టుకు చూపిస్తూ ఉంటుంది. ఫోను పెట్టేసిన సంగతి లినక్స్‌కు తెలియదు, కాబట్టి షెల్ ముగియదు. ఏటీ&సీ1&డీ2 అని ఇవ్వండి. మొదటిది క్యారియర్‌ను ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, రెండోది సర్వర్ డీటీఆర్ (తాను సిద్ధమని మోడెమ్‌కు చెప్పే సంకేతం) తగ్గించగానే ఫోను పెట్టేస్తుంది. పోర్టు సెట్టింగులలో సీలోకల్ అన్నది ఉంటే తీసేయండి, అది కూడా క్యారియర్‌ను పట్టించుకోవద్దని చెప్పేదే.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇంకో విషయం కూడా తెలుస్తోంది. షెల్ నడుస్తున్నప్పుడు ఫోను ఎత్తడానికి ఎమ్‌గెట్టీ అక్కడ ఉండదు. అయినా మోడెమ్ ఎత్తిందంటే దానిలో ఎన్ని రింగులకు ఎత్తాలో చెప్పే ఎస్0 రిజిస్టరు విలువ 1గానో అంతకన్నా ఎక్కువగానో దాచి ఉంది, అది తనంతట తానే ఎత్తుతోంది. ఎమ్‌గెట్టీ వాడేటప్పుడు ఎస్0=0 ఉండాలి, ఎత్తే పని ఎమ్‌గెట్టీ చూసుకుంటుంది. ఈ మూడింటినీ ఇచ్చి ఏటీ&డబ్ల్యూతో మోడెమ్‌లో దాచండి. తరువాత ఒకసారి లోపలికి వెళ్లి, లాగౌట్ చేయకుండా తెంపి, మోడెమ్ మీద క్యారియర్‌ను చూపే సీడీ దీపం ఆరిందో లేదో, సర్వర్‌లో ఆ ప్రాసెస్ మాయమైందో లేదో రెండూ చూడండి.